కుడిపక్కన ఎవరూ లేరన్న పెద్దాయన

ఇళ్లకు స్పీకర్లు అమ్మే పనిలోకి కొత్తగా వస్తున్న చిన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు చేసే ఒక పని నాకు చాలాకాలంగా కోపం తెప్పిస్తోంది. పెట్టెలు మోసుకెళ్లి, వైర్లు బిగించి, పాట పెట్టి, కొనేవారి ముఖంలోకి చూసి "బాగుండాదా?" అని అడుగుతారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మా షాపులో ఆ ప్రశ్నను నిషేధించాను. నిషేధం నా కళ్లముందు మాత్రమే అమలైందనుకోండి, అది వేరే సంగతి.

మన వైపు మనుషులు, చెమటలు కారుస్తూ తమ హాల్లో నిలబడ్డ పరాయి మనిషితో "బాగలేదు" అని చెప్పరు. "బాగుండాదప్పా, కూచో, మజ్జిగ తాగు" అంటారు. ఆ మాటకు అర్థం, పాపం కష్టపడ్డావు అని. దాన్ని ధ్వని గురించిన అభిప్రాయంగా తీసుకుని బిల్లు రాసేవాడికి వ్యాపారం తెలిసి ఉండవచ్చు. వినడం మాత్రం తెలియదు.

మా షాపు మదనపల్లెలో ఉండేది. ఖరీదైన స్టీరియో స్పీకర్లు కావాలంటే అంతకుముందు అందరూ బెంగళూరు వెళ్లేవారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇళ్లు కట్టుకుని, కాస్త నిలదొక్కుకుని, పాట మీద ప్రేమ మిగిలిన వాళ్ల కోసం మా యజమాని ఈ షాపు పెట్టాడు. నా పని, ముందు ఇంటికి వెళ్లి గదిని చూడటం. ఆ తర్వాత ఆ గదికి సరిపడే రెండు మూడు జతలను అక్కడికే తీసుకెళ్లి వినిపించడం. గదిని చూడకుండా స్పీకర్లు ఎంచడం, పాదం చూడకుండా చెప్పులు కుట్టడం లాంటిది. షాపులో అద్భుతంగా పలికిన పెట్టె ఇంటి హాల్లో డబ్బాలా మోగవచ్చు. అందుకని ప్రతి ఇంటికీ ఒక కార్డు రాసేవాడిని. గోడలు, కిటికీలు, నేల, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏం వింటారు, విన్నాక అచ్చంగా ఏ మాట అన్నారు, అన్నీ అందులో ఉండేవి. షాపులో నా వెనక నన్ను "కరణం" అనేవారు. ముందు "సార్" అనేవారు. రెండూ నాకు వినపడేవి.

పుంగనూరులో ఒక వస్త్రవ్యాపారికి మనిషి ఎత్తు స్పీకర్లు రెండు ఇచ్చి వచ్చాం. కొన్నాళ్లకు ఆయన ఫోన్ చేసి, పాటంతా ఒక మూలనుంచే వస్తున్నదని నిలదీశాడు. వెళ్లి చూద్దును కదా, రెండు పెట్టెలూ నైరుతి మూలలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మేం పెట్టిన చోట ఒకటి ఈశాన్యంలో పడిందట. ఈశాన్యంలో బరువు ఉండకూడదని వాస్తు చూసే ఆయన చెప్పాడట. "బరువు నైరుతిలో ఉండాల గదా సార్, దానికి యాల కోపం?" అని ఆ వ్యాపారి నన్నే అడిగాడు. నేను కోప్పడలేదు. సోఫాను తిప్పించి, రెండు పెట్టెలనూ పడమటి గోడకు, ఒకటి నైరుతిలో, ఒకటి వాయవ్యంలో వచ్చేలా నిలబెట్టాను. పాట కుదిరింది, వాస్తూ కుదిరింది. కోపం వచ్చింది ఇంటికి చేరాక. స్టీరియో అంటే ఏమిటో ఆయనకు ఒక్క మాటలో చెప్పి రావలసిన మా అమ్మకాలవాడు, "నూట యాభై వాట్లు సార్, ఇల్లు అదిరిపోతాది" అని మాత్రమే చెప్పి వచ్చాడు.

ఆ అమ్మకాలవాడి గురించి ఇక్కడే చెప్పాలి. కలకడ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. అంతకుముందు బోరు మోటార్లు అమ్మేవాడు. అందుకే స్పీకర్లను కూడా బలాన్ని బట్టి కొలిచేవాడు. మంచి మనిషి, మాటకారి. మా షాపులో సగం అమ్మకాలు అతని నోటివల్లే జరిగేవి. మిగతా సగం చెడేవి కూడా ఆ నోటివల్లే.

స్టీరియో గురించి ఆ ఒక్క మాట ఇది. రెండు మంచి స్పీకర్లను సరైన దూరంలో పెట్టి, వాటి మధ్యకు ఎదురుగా కూర్చుంటే, కాసేపటికి పెట్టెలు మాయమవుతాయి. పాడేవాడు మధ్యలో కనపడతాడు. మృదంగం ఒక పక్క, హార్మోనియం ఒక పక్క, ఎవరి చోట వాళ్లు కూర్చుంటారు. అందుకే నేను బాగుందా అని అడిగేవాడిని కాదు. "కళ్లు మూసుకోండి. ఎవరు ఏ పక్క కూర్చున్నారో చేత్తో చూపించండి" అనేవాడిని. మర్యాదకు అబద్ధం చెప్పగలిగే మనిషి కూడా చేత్తో అబద్ధం చూపించలేడు.

ఇప్పుడు చెప్పబోయే కుప్పం సంగతి దాని గురించే.

ఒక ఆదివారం పూట ఒక ఉపాధ్యాయిని మా షాపుకు వచ్చింది. కుప్పంలో ప్రభుత్వ పాఠశాలలో పని. సొంత ఊరు గుడుపల్లె దగ్గర. అమ్మానాన్నలు కూలికి పోయి చదివించారట. తండ్రి ఆ తర్వాత గ్రానైటు ఫ్యాక్టరీలో రాయి పాలిష్ పట్టే పనిలో చేరి, చేతనైనంతకాలం అక్కడే చేశాడు. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాడు.

"మా నాయినకు భజన అంటే ప్రాణం సార్" అంది. "శనివారం శనివారం పోయి వాళ్ల గుంపుతో పాడేవాడు. మోకాళ్ల నొప్పులని మానేసినాడు. పోనీ ఇంట్లో వింటాడని ఒక పెట్టె తెస్తే, ఈ పెట్టె మంచిది కాదంటాడు. ఇంకోటి తెస్తే అదీ మంచిది కాదంటాడు. ఇప్పుడు ఏమీ వినడు. పొద్దస్తమానం వాకిట్లో కూచొని రోడ్డు సూస్తాంటాడు. మీ దగ్గర అన్నిటికన్నా మంచిది ఏది ఉండాదో అది ఇయ్యండి."

మావాడి, అదే ఆ అమ్మకాలవాడి, కళ్లు షాపులోని పెద్ద జత మీదికి వెళ్లాయి. నేను ముందు గది చూడాలన్నాను. గది చూశాను. చిన్న హాలు. నున్నటి గ్రానైటు నేల, ఒట్టి గోడలు, పెద్ద గాజు కిటికీ. శబ్దం గోడల మధ్య బంతిలా ఎగిరే గది. కిటికీకి మందపాటి కర్టెన్, నేల మీద జంపఖానా వేయమని చెప్పాను. ఆ గదికి స్టాండ్ల మీద నిలబెట్టే చిన్న జత చాలునని కార్డు మీద రాశాను. మావాడు పెద్ద జతను కూడా వ్యాన్‌లో ఎక్కించాడు. "వినిపిస్తే పోయేదేముంది సార్, ఆమే అన్నిటికన్నా మంచిదని అడిగింది గదా" అన్నాడు. నేను అడ్డుపడలేదు. పక్కపక్కన విన్నప్పుడే తేడా తెలుస్తుంది.

మేం వెళ్లేసరికి పెద్దాయన వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. పల్చటి మనిషి, తెల్లటి మీసం. పలకరిస్తే లేచి నిలబడి, "రాండప్పా, రాండి, ఇంత దూరం నుంచి మోసుకొచ్చినారా?" అని పెద్దగా అన్నాడు. ఆ గొంతు అవసరమైన దానికన్నా పెద్దదని నాకు అప్పుడే తోచింది. పల్లెటూరి గొంతనుకున్నాను.

పెద్ద జత బిగించాం. ఏదో ఒక పాత పాట పెట్టాం. పాట అయ్యీ కాకముందే మావాడు నిషేధిత ప్రశ్న వేశాడు.

"బాగుండాదా పెద్దాయనా?"

"బాగుండాదప్పా. బలే ఉండాది. అమ్మా, వీళ్లకు మజ్జిగ తీసుకురా."

చిన్న జత పెట్టాం. అదీ బాగుండాది. మజ్జిగ రెండోసారి వచ్చింది. మావాడు బిల్లుపుస్తకం తీశాడు. కూతురి ముఖంలో మాత్రం సంతోషం లేదు. ఆ "బాగుండాది" ఎలాంటిదో ఆమెకూ తెలుసు.

నేను బిల్లుపుస్తకం మూయించి, పెద్దాయనను ఎదురుగా సోఫాలో కూర్చోబెట్టాను. "అన్నా, నీకు బాగా తెలిసిన పాట ఏదైనా ఉంటే పెడదాం" అన్నాను.

కూతురే చెప్పింది. వాళ్ల భజన గుంపు పాడుతుండగా బెంగళూరు నుంచి ఎవరో వచ్చి రెండు మైకులు పెట్టి చక్కగా రికార్డు చేసుకుని, ఒక కాపీ వీళ్లకూ ఇచ్చారట. ఆ రికార్డు ఆమె ఫోన్‌లోనే ఉంది.

"అదొద్దు" అన్నాడు పెద్దాయన. అప్పటిదాకా ఉన్న మర్యాద ఆ మాటలో లేదు.

"యాల నాయినా? నువ్వుండేదే గదా అందులో!"

"వద్దంటే వద్దు."

"సార్ వాళ్లు ఇంత దూరం వచ్చినారు..."

మర్యాద మళ్లీ పనిచేసింది. ఆయన తల పంకించాడు. పాట మొదలైంది. చిన్న జత మీద, మంచి రికార్డింగ్. నాకు ఆ గుంపంతా ఆ చిన్న హాల్లో వచ్చి కూర్చున్నట్టే ఉంది. కళ్లు మూసుకుని చూపించమన్నాను. ఆయన చెయ్యి లేచింది.

"ముందుపాట పాడే ఆయన ఈడ, మధ్యలో. ఎడమపక్క హార్మోనియం. వాని ఎనక చెక్కలు. మృదంగం... ఇదో, ఈ పక్క కొంచెం ముందుకు." ఒక్కొక్కరి దగ్గరా ఆయన చెయ్యి ఆగి, వాళ్ల భుజం తట్టినట్టు కదిలింది. అంత కచ్చితంగా చూపించినవాళ్లను నేను తక్కువ చూశాను.

"కుడిచివర?" అన్నాను.

"ఆడ ఎవరూ లేరు."

మావాడు ఆగలేకపోయాడు. "ఎవరూ లేరా! చేతితాళాలు టింగుటింగుమని కొడతాండారు గదా పెద్దాయనా, నా చెవి తూట్లు పడతాండాది!"

పెద్దాయన కళ్లు తెరిచాడు. కూతురు నవ్వేసింది. "నాయినా, తాళాలు కొట్టింది నువ్వే! నువ్వు కూచున్నదే ఆడ!"

నవ్వింది ఆమె ఒక్కతే. ఆయన లేచి నిలబడ్డాడు.

"నువ్వూ అదే సెప్తావా? అందరూ ఒకటే మాట సెప్పండి. ఆ దినం ముందుపాట ఆయనింట్లో అందరూ కూచొని దీన్ని పెట్టుకొని ఇంటాండారు. నేనూ పోయినాను. అందరూ ఉండారు దీంట్లో. నేను లేను. మొదటి నుంచి కడాకు ఇన్నాను, నా తాళం లేదు. నన్ను కోసేసినారమ్మా! మళ్లా నా మొగం సూసి, బలే కొట్టినావప్పా అని ఎగతాళి! నాకు మోకాళ్ల నొప్పులూ లేవు, ఏమీ లేవు. కోసేసినోళ్ల పక్కన మళ్లా పోయి కూచుంటానా?"

ఆ మాట ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మావాడు నా వైపు చూశాడు. నేను స్పీకర్ల వైపు చూశాను. అవి తాళాలను స్పష్టంగా వినిపిస్తూనే ఉన్నాయి.

"అన్నా, ఫ్యాక్టరీలో నువ్వు నిలబడిన చోట మిషన్ ఎంత దూరం?" అని అడిగాను.

"మిషన్ మీదనే నిలబడాల. దూరమేంది?"

"చెవుల్లో ఏమైనా పెట్టుకునేవాళ్లా?"

"దూది ఇచ్చినారు మొదట్లో. దానితో మేస్త్రీ మాట ఇనబడదని తీసేస్తిమి."

గదిని కొలవడానికి నా దగ్గర ఒక సాధనం ఉండేది. కింది శ్రుతిలో మొదలై అంతకంతకూ పైకి పోయే ఈల శబ్దం అది. ఏ ఫ్యాక్టరీ మిషన్ అయినా చెవిని మొదట దెబ్బతీసేది ఆ పై శబ్దాల దగ్గరే. మాట వినపడుతుంది, మృదంగం వినపడుతుంది. తాళం పోతుంది. చేతిలో పట్టుకుని తనే కొడుతున్నప్పుడు ఆ దెబ్బ వేళ్లకు తెలుస్తుంది, అంత దగ్గరి మోత ఎంతో కొంత చెవికి అందుతుంది. రికార్డింగులో అది ఒక మూల సన్నగా ఉంటుంది. అందదు.

ఒక ఆట ఆడదామని చెప్పి, నలుగురం చేతులెత్తాం. ఈల వినపడినంతసేపు చెయ్యి ఎత్తి ఉంచాలి, ఆగిపోయాక దించాలి. ఈల మొదలైంది. పెద్దాయన కాసేపటికే చెయ్యి దించి, మిగతా చేతులు గాల్లోనే ఉండటం చూశాడు. మేమేదో కుట్ర చేస్తున్నామన్నట్టు ఒక్కొక్కరినీ పరీక్షగా చూశాడు. తర్వాత నా చెయ్యి దిగింది. మావాడూ కూతురూ ఇంకా ఎత్తే ఉన్నారు.

"సార్, మీకూ పోయిందా?" అన్నాడు పెద్దాయన. ఆ గొంతులో అప్పటిదాకా లేని ఆసక్తి.

"పోయింది అన్నా. నాది వయసు. నీది వయసూ, మిషనూ."

"ఆ పిల్లకు ఇంకా ఇనబడతాండాదా?"

"ఇనబడతాండాది నాయినా" అంది కూతురు, చెయ్యి అలాగే ఎత్తిపెట్టి. ఆమె కళ్లు తడిశాయి.

నేను ఆమెతో, ఇప్పుడు మా దగ్గర ఏ జతా కొనవద్దని, ముందు చెవి వైద్యుడికి చూపించమని చెప్పాను. అవసరమైతే వినికిడి యంత్రం పెట్టించి, ఆ తర్వాత పిలిస్తే ఇవే జతలు మళ్లీ తెస్తానన్నాను.

పెద్దాయన ఒప్పుకోలేదు. "చెవిలో మిషన్ పెట్టుకొని తిరిగితే ఊర్లో చెవిటోడంటారు. నా చెవులకేమీ లేదు. మీ మాటలు ఇనబడతాండాయి గదా!"

నేను పాఠం చెప్పబోయాను. కూతురు నన్ను ఆపింది. బడిలో పిల్లలతో మాట్లాడే పద్ధతి కాబోలు, నేల మీద ఆయన ఎదురుగా కూర్చుంది.

"నాయినా, రెండే ఉండాయి. నీ చెవులన్నా చెడిపోయుండాల, నీ జతగాళ్లన్నా చెడ్డోళ్లయి ఉండాల. నీకు ఏది నిజమైతే బాగుంటుంది?"

ఆయన కళ్లు మా పెట్టెల మీదికి పోయాయి. చివరికి "మజ్జిగ ఇంకా ఉండాదా వీళ్లకు?" అని మాత్రం అన్నాడు. మేం లేచాం.

వెంకటగిరికోట దాటేదాకా మావాడు ఒళ్లో బిల్లుపుస్తకం పెట్టుకునే కూర్చున్నాడు. ఆ తర్వాత, "సార్, మనం షాపు నుంచి వచ్చినామా, ఆస్పత్రి నుంచి వచ్చినామా?" అన్నాడు. పుంగనూరు దగ్గర టీ తాగుతూ ఇంకో మాట కలిపాడు. "ఆమె కొనేదానికి సిద్ధంగా ఉండె. ట్రెబుల్, అదే ఆ సన్న శబ్దం, కొంచెం పెంచి వచ్చుంటే ఆయనకు తాళమూ ఇనబడతాండె, మనకు బేరమూ కుదిరుండె."

మరునాడు యజమాని కూడా అదే అన్నాడు. "డాక్టరు దగ్గర కమీషన్ ఏమైనా మాట్లాడుకున్నారా?" అని ఎద్దేవా చేశాడు. ఆయన ముందు నేను గొంతు పెంచిన సందర్భాలు బహు తక్కువ. ఆరోజు పెంచాను. చెవిలో లేని దాన్ని పెట్టెలో పెంచితే, ఆ ఇంట్లో మిగతావాళ్లకు పళ్లు జివ్వుమంటాయి, ఆయనకు మాత్రం సగం కూడా అందదు. రెండు నెలల్లో ఆ పెట్టె కూడా మంచిది కాదనిపించుకుంటుంది. ఇదంతా తెలిసీ అమ్మితే మనం అమ్మింది స్పీకర్లు కాదని చెప్పాను. యజమాని ఫోన్ చూసుకున్నాడు. మావాడు కొన్నాళ్లు నన్ను "డాక్టరు సార్" అని పిలిచాడు. కరణం కన్నా అది నయం.

కుప్పం నుంచి ఫోను రాలేదు. చాలారోజులు రాలేదు. ఆ అమ్మాయి బెంగళూరులోనో ఆన్‌లైన్‌లోనో ఏదో కొనేసి ఉంటుందని మావాడు తేల్చేశాడు. నేనూ దాదాపు నమ్మాను. అమ్మకం పోయినందుకు కాదు, ఆయన కూతురు చెప్పిన రెండిట్లో రెండోదాన్ని, జతగాళ్లే చెడ్డవాళ్లన్న దాన్ని, ఎంచుకున్నాడేమోనని నాకు దిగులు.

చలి మొదలయ్యాక ఆమె పిలిచింది. "మిషన్ పెట్టించినాం సార్. మొదట్లో స్టీలు గిన్నెల చప్పుడుకే తీసి పారేసేవాడు. ఇప్పుడిప్పుడే అలవాటు పడతాండాడు. డాక్టరమ్మ పాటలకని వేరే సెట్టింగు కూడా పెట్టింది. ఆ పెట్టెలు తీసుకొని వస్తారా?"

రెండు జతలూ తీసుకుని వెళ్లాం. కర్టెన్ వేలాడుతోంది, జంపఖానా పరిచి ఉంది. ఆయన చెవుల వెనక చిన్న గింజల్లా రెండు యంత్రాలు. "ఇనబడతాండాదప్పా, అరవబాకండి" అని మావాడికి గుమ్మంలోనే చెప్పాడు. మావాడు అరవడం లేదు. అది అతని మామూలు గొంతు.

ఈసారి ఆ రికార్డు వద్దని అనలేదు. పెట్టమనీ అనలేదు. సోఫాలో నడుం నిటారుగా పెట్టి కూర్చుని, నేను చెప్పకముందే కళ్లు మూసుకున్నాడు. చిన్న జత మీద పాట మొదలైంది. ఆయన చెయ్యి లేవలేదు. ఒక చరణం అయింది. కూతురు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. మావాడు, జీవితంలో మొదటిసారి కావచ్చు, నోరు మెదపలేదు.

అప్పుడు పెద్దాయన రెండు చేతులూ తొడల మీద నుంచి లేచాయి. కుడిచేతి వేళ్లు ఎడమచేతి వేళ్లకు తగిలీ తగలకుండా దరువు వేయసాగాయి. మాకు వినపడుతున్న తాళంతో అవి కలిసి నడిచాయి.

"ఉండాను" అన్నాడు. "కుడిపక్క. మృదంగం ఎనక. ఆడనే కూచొని ఉండాను."

పాట ఆగాక మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు. రెండోసారి మధ్యలో ముఖం చిట్లించి, "ఆపు, ఆపు" అన్నాడు. తర్వాత కూతురి ఫోన్ అడిగి, ముందుపాట పాడే ఆయనకు కలపమన్నాడు. ఆమె స్పీకర్ నొక్కి ఇచ్చింది.

"ఎవరు?" అంది అవతలి గొంతు.

"నేనప్పా."

అవతలి గొంతు లేచింది. "యాడుండావప్పా నువ్వు? ఉండావా, పోయినావా?"

"ఉండాను. నీ రికార్డులో ఇంటాండాను. రెండో చరణం కాడ జారినాను సూడు, మీరెవరూ సెప్పలేదే?"

"నువ్వు జారింది ఊరందరికీ తెలుసు! సెప్పేదానికి నువ్వు కనబడితే గదా? మోకాళ్ల నొప్పులని మీ పాప సెప్పె, మేం నమ్మితిమి. ఈ శనివారం వస్తావా, ఆటో పంపిచ్చాల్నా?"

"ఆటో యాల? నడిసి వస్తా" అని ఫోన్ కూతురి చేతికిచ్చాడు. ముఖం ఎవరూ చూడకూడదన్నట్టు కిటికీ వైపు తిరిగాడు.

మావాడు గొంతు సవరించుకున్నాడు. పెద్ద జత ఇంకా వినిపించనే లేదని గుర్తుచేశాడు. సరే అన్నాను. అదే పాట పెద్ద జత మీద పెట్టాం. ఆ చిన్న గదిలో మృదంగం గుమ్మని లేచి అన్నిటినీ కప్పేసింది. మావాడు నా వైపు ఒకసారి చూసి, ఈసారి ప్రశ్న మార్చాడు.

"పెద్దాయనా, ఏ జత ఉంచమంటావు?"

పెద్దాయన మొహమాటం లేకుండా, మజ్జిగ ఊసు లేకుండా చెప్పాడు.

"నేను జారింది యా పెట్టెల్లో బాగా తెలుస్తాండాదో అవి ఈడ పెట్టిపోండప్పా."

చిన్న జత అక్కడ ఉంచి, పెద్దవాటిని మళ్లీ వ్యానెక్కించాం.